ఎర్ర పీలిక కట్టిన సాళ్లు

పురుగుల డాక్టరు నన్ను నిలువునా ముంచాడు. ఈ మాట ఎవరి ముందైనా అంటాను, అతని ముందూ అన్నాను. అతను నా భార్యకి స్వయానా తమ్ముడు, నాకు బావమరిది. పురుగుల్ని కోళ్లని పెంచినట్టు పెంచి, వాటిని మొక్కజొన్న మీదికి తోలి, ఏ మొక్క కూలుతుందో ఏది నిలబడుతుందో చూసి జీతం తీసుకోవడం అతని ఉద్యోగం. పరిశోధనా క్షేత్రంలో అందరూ "డాక్టర్‌గారూ" అంటారు. మా ఇంట్లో పురుగుల డాక్టరు. మొదట్లో ముద్దుకి అనేవాళ్లం. ఇప్పుడు నా నోట్లో ఆ మాట వేరే రుచిగా ఉంది.

పోయిన వారం మీరు నన్ను వదిలి వెళ్లేటప్పటికి నేను చేలో కొడవలి పట్టుకుని అతని కోసం కాచుకుని ఉన్నాను. అంతకు ముందు సంగతి మరిచిపోయినవాళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను. కాండం తొలిచే పురుగుని తట్టుకునే రకం పుట్టించానన్నాడు బావమరిది. మందు చిటికెడు కూడా అక్కర్లేదన్నాడు. ఆ విత్తనం నా పొలం మొత్తం వేయించాడు. బోరుకీ పెట్టుబడికీ కలిపి నేను ఆ పొలాన్నే, మాట తియ్యగా ఉంటుందని ఊరంతా తేనె షావుకారు అనే వడ్డీవ్యాపారి దగ్గర తాకట్టు పెట్టాను. అప్పు తీరకపోతే పొలం ఆయనది. విత్తనం లోపం వల్ల పంట పోతే నీ అప్పు మేం కడతాం, కాని పొలంలో మందు పడకూడదు అని క్షేత్రం వాళ్లు హామీ ఇచ్చారు. మందు పడలేదు. పంట పోతోంది. ఆ హామీ అనే చూరు పట్టుకుని వేలాడుతున్నాను. క్షేత్రం నుంచి పెద్దమేడం ఆ మధ్యాహ్నమే వచ్చి చేను చూసి, హామీ చెల్లుతుందో లేదో తేల్చేస్తుందని కబురు. షావుకారు కూడా వస్తానన్నాడు. ఆయన్నెవరూ పిలవలేదు.

మేడం కంటే ముందు బావమరిది వచ్చాడు. మోటారు సైకిలు గట్టు మీద ఆపి, టోపీ సర్దుకుంటూ, నా చేతిలోకి చూశాడు.

"ఏం బావా, కొడవలి నాకోసమేనా?"

"నీకోసమైతే ఇంత పదును దేనికి? రా, నీ బిడ్డని చూసుకుందువుగాని."

చేలోకి దిగాం. ఆ పైరు వయసుకి నా భుజం దాకా రావాలి. మోకాలు దాటి ఆగిపోయింది. ఆకుల మీద అడ్డంగా వరసగా చిల్లులు. కాగితాన్ని మడతలు పెట్టి కత్తిరించి విప్పితే ఎలా ఉంటుందో అలా. ఆకు ఇంకా చుట్ట చుట్టుకుని ఉండగానే పురుగు తొలిచేస్తుంది, విచ్చుకున్నాక మనకి తెలుస్తుంది. నేను ఒక మొక్క ముందు ఆగి మొవ్వు పట్టుకున్నాను. మొక్క నడినెత్తిన కొత్త ఆకులు పుట్టుకొచ్చే చోటు అది. బతికున్న మొక్కకి మొవ్వు లాగితే మొక్కంతా ఊగుతుంది గాని అది ఊడదు. ఇది ఒరలోంచి కత్తి దూసినట్టు వచ్చేసింది. కింది కొన కుళ్లి గోధుమరంగు తిరిగింది. వాసన.

అతని చేతిలో పెట్టాను. ఇంకోటి లాగాను, అదీ పెట్టాను. మూడోది లాగబోతే "చాలు బావా" అన్నాడు.

"చాలదు. నాకు రోజూ పొద్దున్నే ఇదే పని. నీకు ఒక్క పూటకే చాలిందా?"

ఒక మొక్కని మొదలంటా కోసి, నిలువునా చీల్చి చూపించాను. లోపల సొరంగం. రంపపు పొట్టులాంటి పొడి. ఆ పొడి చివర తల ముదురు రంగులో ఉన్న పురుగు, ఎండ తగిలేసరికి మెల్లగా వెనక్కి తిరిగింది, మేం ఎవరో దాని ఇంటి తలుపు తోసినట్టు.

బావమరిది కింద కూర్చుని జేబులోంచి భూతద్దం తీశాడు. ఆ పురుగుని చూశాడు, ఆకు చూశాడు, కాండం కణుపులు చూశాడు, మళ్లీ పురుగుని చూశాడు. నా చదువు ఆరో తరగతితో ఆగిపోయింది, అతనేం చూస్తున్నాడో నాకు తెలియదు. కాని అతని మెడ మీద చెమట ధార కట్టడం తెలుస్తోంది.

"పురుగు అదే. మరి ఇలా ఎందుకు తింటోంది? బావా, అడుగుతున్నానని ఏమీ అనుకోకు. విత్తనం సంచులు ఎక్కడ పెట్టావు?"

"మా మంచం కింద. ఆ మంచం మీద నేనూ మీ అక్కా పడుకుంటాం. ఇంకా ఏం కావాలి?"

"వేరే విత్తనం ఏదైనా కలిసిపోయిందేమోనని..."

"వేరే విత్తనం కొనుక్కునే స్తోమతే ఉంటే నీ మాట విని ఇందులో ఎందుకు దూకుతానయ్యా?"

"కోప్పడకు. నా రకాన్ని పురుగు ఇలా తినదు. రెండేళ్లు పరీక్ష పెట్టాను. ఎక్కడో పెట్టలేదు, ఇదిగో, నీ పొలంలోనే, ఆ కాలవ పక్క పొలం చెక్కలోనే పెట్టాను. నా చేత్తో పురుగులు వదిలాను. నిలబడింది. ఇది ఆ మొక్క కాదు. ఎవరో విత్తనం మార్చారు."

"ఎవరో అంటే?"

అతను లేచి నిలబడి భూతద్దం జేబులో పెట్టుకున్నాడు.

"చెప్పు. ఎవరో అంటే ఎవరు? ఈ పొలంలో విత్తనం వేసింది నేను. ఎరువు మోసింది నేను. నీళ్లు కట్టింది నేను, మీ అక్క. ఇద్దర్లో ఎవర్ని అంటున్నావు?"

"నిన్ను అనలేదు బావా. కాని మేడం అడిగితే నేను ఏదో ఒకటి చెప్పాలి కదా."

కొడవలి పక్కన పడేసి అతని చొక్కా కాలరు పట్టుకున్నాను. పట్టుకున్నాక ఏం చెయ్యాలో తెలియలేదు. నాకంటే పొడుగు. పైగా మా పెళ్లినాటికి నా వేలు పట్టుకుని నడిచినవాడు. కాలరు పట్టుకుని అలాగే నిలబడ్డాను. అతను కూడా వదిలించుకోలేదు. ఇద్దరం దిష్టిబొమ్మల్లా ఉన్నాం.

"ఆయన్నేమీ అనకురా."

వెనక నుంచి నా భార్య గొంతు. మధ్యాహ్నం అన్నం డబ్బా చేతిలో పట్టుకుని గట్టు మీద నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో.

"విత్తనం ఎవరూ మార్చలేదు. ఎండలో అరుచుకోకండి ఇద్దరూ. మోటారు గదిలోకి రండి, నేనొక మాట చెప్పాలి."

*

మోటారు గది అంటే నాలుగు గోడలు, ఒక రేకు, ఒక తిరగేసిన గంప. గంప మీద బావమరిది కూర్చున్నాడు. నేను గడప మీద. ఆమె కూర్చోలేదు. అన్నం డబ్బా కింద పెట్టి, పైటచెంగుతో చేతులు తుడుచుకుంటూనే ఉంది, చేతులు పొడిగా ఉన్నా.

ఆమె ఏం చెప్పిందో చెప్పే ముందు ఆ పరీక్ష సంగతి మీకు తెలియాలి.

కాలవ పక్కన ఒక చెక్క పొలాన్ని రెండేళ్లు క్షేత్రం వాళ్లకి ఇచ్చాను. అందులో సాలుకి ఒక రకం చొప్పున బోలెడు రకాలు వేశారు. ఒక్కో రకం మూడేసి చోట్ల. మొక్క ముడుకు ఎత్తు రాగానే బావమరిది సీసాల్లో పిల్లపురుగుల్ని తెచ్చేవాడు. కంటికి ఆననంత చిన్నవి, మొక్కజొన్న రవ్వలో కలిపి ఉంటాయి. సీసా మూతి మొవ్వులో పెట్టి ఒక్క నొక్కు నొక్కితే అన్ని మొక్కలకీ లెక్క సమానంగా పురుగులు పడతాయి. మా ఆవిడ పళ్లెంలో సీసాలు పెట్టుకుని తమ్ముడి వెనకాల నడిచేది. తర్వాత కొన్నాళ్లకి వచ్చి, ఏ సాలుని ఎంత తిన్నాయో చూసి మార్కులు వేసుకునేవాడు. బడిపిల్లలకి వేసినట్టే. తేడా ఏమిటంటే ఇక్కడ తక్కువ మార్కులు వచ్చినవాడే గొప్ప.

ఏ సాలు ఏ రకమో చూసేవాడికీ పనిచేసేవాళ్లకీ తెలియకూడదన్నది వాళ్ల పద్ధతి. అందుకే సాళ్ల మొదట్లో పాతిన గూటాల మీద ఉత్త అంకెలే రాస్తారు. ఏ అంకె ఏ రకమో తెలిసిన ఇతగాడు అక్క దగ్గర గొప్ప కోసం తను పుట్టించిన రకం ఉన్న మూడు సాళ్ల గూటాలకీ ఎర్ర పీలికలు కట్టాడు. "అక్కా, ఇది నేను కన్న బిడ్డ అనుకో" అన్నాడు. ఆ మాట నేనూ విన్నాను. విని నవ్వాను కూడా. పెళ్లి కాకుండానే మూడు కాన్పులా అని.

మొదటి ఏడాది క్షేత్రంలో వేసిన పరీక్ష వానకి మునిగిపోయింది. రెండో ఏడాది అక్కడ మోటారు కాలిపోయి ఎండిపోయింది. రెండుసార్లూ మిగిలింది నా చెక్క ఒక్కటే. రెండుసార్లూ చుట్టూ సాళ్లన్నీ జల్లెడలైపోతే ఎర్ర పీలిక సాళ్లు మూడూ నవనవలాడుతూ నిలబడ్డాయి. క్షేత్రంలో బావమరిది భుజం తట్టనివాడు లేడు.

"ఆ సాళ్లకి నేను గుళికలు వేశానురా" అంది మా ఆవిడ.

గుళికలంటే మొక్కజొన్న వేసినవాళ్లందరికీ తెలుసు. ఇసకలా ఉండే పురుగుమందు. మొవ్వులో చిటికెడు వేస్తే మంచుకి తడిసి లోపలికి దిగి, పురుగుని అక్కడికక్కడే చంపుతుంది. వేసిన ఆనవాలు కూడా మిగలదు.

బావమరిది అర్థం కానట్టు చూశాడు. "ఏ సాళ్లకి?"

"నీ సాళ్లకి. ఎర్ర పీలికలవాటికి."

"నేను పురుగులు వదిలాక?"

"నువ్వు వదిలి వెళ్లిన మర్నాడు. పొద్దున్నే నీళ్లు కట్టడానికి వచ్చి వేశాను."

"ఎందుకక్కా?"

"ఎందుకేమిట్రా! ఇది నిలబడకపోతే నన్ను తీసేస్తారక్కా అని నువ్వేగా అన్నావు. కంచం ముందు కూర్చుని అన్నావు. ఆ పూట ముద్ద ముట్టలేదు. నిన్ను నా చేత్తో పెంచాను. నీ చేత్తోనే నీ బిడ్డ నోట్లో పురుగులు పోస్తుంటే, పళ్లెం పట్టుకుని చూస్తూ ఊరుకోమంటావా?"

"మిగతా సాళ్లకి కూడా వేశావా?"

"వాటికెందుకు వేస్తాను? అవి ఎవరివో."

నాకు నవ్వొచ్చింది. దేవుడి తోడు, నవ్వే వచ్చింది.

"రెండో ఏడు కూడానా?" అన్నాను నేను.

"మొదటి ఏడు వేసి రెండో ఏడు మానేస్తే వాడి మాట అబద్ధమైపోదా అండీ? నలుగురిలో వాడి పరువేం కాను?"

"మరి ఈ ఏడు?"

"ఈ ఏడు గుళికల డబ్బా మీరే కొట్టుకి తిరిగి ఇచ్చేశారుగా, పొలంలో మందు పడకూడదని. ఉంటే వేసేదాన్ని."

"మొత్తం పొలానికా?"

"మెల్లగా వేసేదాన్ని. రోజుకి కాస్త."

బావమరిది టోపీ తీసి మోకాళ్ల మధ్య పెట్టుకుని అందులోకి చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి చాలా మామూలు గొంతుతో అన్నాడు, "అయితే రెండేళ్లూ నేను మార్కులు వేసింది నీకన్నమాట అక్కా."

ఆమె ఏడవడం మొదలుపెట్టింది. చప్పుడు లేకుండా, పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని. కొట్టేవాణ్ని కాదు, తిట్టడానికి మాట దొరకలేదు. తప్పు చేసిన మనిషిని తిట్టొచ్చు. తమ్ముడి మీద ప్రేమతో మొక్కల నోట్లో చిటికెడు మందు పెట్టిన మనిషిని ఏమని తిడతారు? అదీగాక నాలో ఒక మూల అప్పుడే వేరే లెక్క మొదలైంది. సిగ్గుపడను, చెప్తాను. ఈ సంగతి ముగ్గురికే తెలుసు. ముగ్గురం ఒక ఇంటివాళ్లం. మేడం వస్తుంది, చేను చూస్తుంది, రకం నిలబడలేదు అంటుంది. హామీ చెల్లుతుంది. షావుకారు నోరు మూతపడుతుంది. పొలం నాదవుతుంది.

"సరే," అన్నాను, "జరిగిందేదో జరిగింది. మేడం ముందు ఎవరూ నోరు విప్పొద్దు. ఆవిడ అడిగితే నిరుడు నిలబడింది, ఈ ఏడు నిలబడలేదు అందాం. అది అబద్ధం కూడా కాదు."

బావమరిది తల ఎత్తలేదు. "కుదరదు బావా."

"ఏం కుదరదు?"

"ఇది ఒక్క నీ పొలం సంగతి అయితే నీ ఇష్టం అనేవాణ్ని. ఈ రకాన్ని క్షేత్రంలో తల్లిగా వాడారు. పురుగుని తట్టుకునే గుణం దీనిలో ఉందని నమ్మి, వేరే మంచి రకాలన్నిటితో దీన్ని కలిపారు. ఆ పిల్లలు ఇప్పుడు మొలకలై ఉన్నాయి. దీనికోసం పాత తల్లుల్ని పక్కన పడేశారు. నేను నోరు మూసుకుంటే, ఈ ఏడు ఏదో వాతావరణం తేడా అనుకుని దాన్నే ఇంకా వాడతారు. లేని గుణం కోసం ఏళ్ల తరబడి వెతుకుతారు. రేపు ఎక్కడో ఎవరో నీలాంటివాడు, తట్టుకునే రకం అంటే నమ్మి, మందు మానేసి వేసుకుంటాడు."

"ఆ ఎవరో ఎక్కడో ఉన్నవాడి మొహం నేనెప్పుడూ చూడలేదు. నా మొహం నువ్వు రోజూ చూస్తున్నావు."

"బావా..."

"ఒక్క పని చెయ్యి. మేడం హామీ మీద సంతకం పెట్టి వెళ్లిపోనీ. తర్వాత చెప్పుకో. వారం పోయాక చెప్పుకో. నీ తల్లులూ పిల్లలూ వారంలో ఎక్కడికీ పోరు."

"సంతకం అయ్యాక చెప్తే అది మోసం బావా."

"ఇప్పుడు చెప్తే ఏమిటి, పుణ్యమా?"

నేను గడప మీంచి లేచి వెళ్లి అతని ముందు నేల మీద కూర్చున్నాను. వయసులో నాకంటే ఎంతో చిన్న. రెండు చేతులూ పట్టుకున్నాను. ఇందాక కాలరు పట్టుకున్న చేతులతోనే.

"అరేయ్, నాకు ఇంకో పని రాదురా. చదువు లేదు. ఈ వయసులో నన్ను ఎవరు పెట్టుకుంటారు? ఈ పొలం పోతే నేను పక్క పొలంలో కూలికి వెళ్లాలి. మీ అక్క కూడా రావాలి. అది చూసి నీకు నిద్ర పడుతుందా?"

"పట్టదు బావా," అన్నాడు. అతని కళ్లలోంచి నీళ్లు నా చేతి మీద పడ్డాయి. "నా ఉద్యోగం కూడా పోతుంది. నాకూ ఇంకో పని రాదు."

మా ఆవిడ ముక్కు తుడుచుకుని అడిగింది, "చెప్తే నీ ఉద్యోగం పోతుంది. చెప్తే మా పొలం పోతుంది. మరి చెప్పి ఎవర్ని ఉద్ధరిస్తావురా?"

బయట జీపు హారను మోగింది.

*

పెద్దమేడం మంచి మనిషి. అదే నా ఖర్మ. కర్కోటకురాలైతే తిట్టుకోవడానికైనా ఉండేది. జీపు దిగగానే చెప్పులు విప్పి గట్టు పక్కన పెట్టి చేలోకి దిగింది. తనే మొవ్వులు లాగి చూసింది. తనే కాండం చీల్చి చూసింది. ఒక మూల నుంచి ఇంకో మూలకి ఎండలో నడిచింది. వెనకాలే తేనె షావుకారు స్కూటరు మీద దిగాడు. వెనక సీటు మీద భుజానికి సంచి తగిలించుకున్న ఒక బక్కపల్చని మనిషి. ఎవరీయన అంటే, "దారిలో కలిశాడన్నా, ఎక్కించుకున్నాను" అన్నాడు షావుకారు. ఆయన మాట ఎప్పుడూ అంతే, నాకేదో మేలు చేస్తున్నట్టే ఉంటుంది.

మేడం తిరిగి వచ్చి చేతులు కడుక్కుంది. నా మొహంలోకి చూసింది.

"మందు ఏమీ వెయ్యలేదు కదా?"

"చిటికెడు కూడా లేదండీ."

"తెలుస్తోంది. మందు పడిన చేను ఇలా ఉండదు." ఒక నిట్టూర్పు విడిచింది. "మీరు మా మాట మీద నిలబడ్డారు. మా రకం నిలబడలేదు. నాకు ఇందులో అనుమానం లేదు. హామీ చెల్లుతుంది."

అంత పెద్ద మాట అంత చిన్నగా అనేసింది. షావుకారు మొహం చూశాను, చిరునవ్వు అలాగే ఉంది గాని దాని వెనక మనిషి లేడు. మా ఆవిడని చూశాను. రెండు చేతులూ జోడించి మేడం వైపే చూస్తోంది. చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఆ ఒక్క క్షణం నేను కోత దాకా వెళ్లిపోయాను. వచ్చే ఏడు ఏం వెయ్యాలో కూడా అనుకున్నాను.

"మేడం," అన్నాడు బావమరిది.

"అరేయ్," అన్నాను నేను.

"మేడం, రకం నిలబడకపోవడం కాదు. అది ఎప్పుడూ నిలబడలేదు."

చెప్పేశాడు. మొదటి నుంచి చివరి దాకా, పాఠం అప్పజెప్పినట్టు. ఎర్ర పీలికలు కట్టింది నేనే, అది నా తప్పు అన్నాడు. అక్కకి తెలియక చేసింది అన్నాడు. మా బావకి అసలే తెలియదు, ఇందాకే తెలిసింది అన్నాడు. తల్లిగా వాడిన మొక్కలన్నీ ఈ రోజే పక్కన పెట్టించండి అన్నాడు. నేను వింటున్నాను. నా ఇల్లు కాలుతుంటే పక్కవాడు ఆ వార్త వివరంగా చదివి వినిపిస్తున్నట్టుంది.

మేడం మా ఆవిడని దగ్గరికి పిలిచింది.

"భయపడకండమ్మా. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. గుళికలు వేసింది మీరేనా?"

"నేనేనండీ."

"ఎవరైనా వెయ్యమన్నారా?"

"ఎవరూ అనలేదండీ. వాడి మొహం చూడలేక వేశాను."

"ఆ గుళికలు ఎక్కడివి?"

"ఇంట్లోవే. మా చేను కోసం ఆయన తెచ్చి పెట్టినవి."

"డబ్బా ఎక్కడుండేది?"

"మంచం కింద."

ఒక్క అబద్ధం లేదు. అడిగినదానికి అడిగినట్టు చెప్పింది. మొగుడు కొన్న మందు, మొగుడి మంచం కింద డబ్బా, మొగుడి పొలంలో పరీక్ష, మొగుడి బావమరిది రకం. మేడం నా వైపు తిరిగింది. ఆ చూపులో కోపం లేదు. ఇందాక నన్ను చూసిన చూపు కూడా లేదు.

"నాకు నిజంగా తెలియదండీ," అన్నాను. నా గొంతు నాకే దొంగ గొంతులా వినిపించింది.

"నమ్మాలనే ఉంది," అంది ఆవిడ. "నేను నమ్మినా ఒరిగేదేమీ లేదు. హామీ విత్తనం లోపానికి. ఇక్కడ లోపం పరీక్షలో వచ్చింది, అదీ మీ ఇంట్లోంచి వచ్చింది. పైవాళ్లకి నేను ఇంకెలా చెప్పను?"

"మరి నా అప్పు?"

ఆవిడ చెప్పులు తొడుక్కుంటోంది. ఒక చెప్పు వంగి వెనక్కి మడతపడింది. దాన్ని సరిచేసుకోవడానికి చాలాసేపు తీసుకుంది. "క్షేత్రం కట్టడం కుదరదండీ. నన్ను క్షమించండి" అంది.

నన్ను క్షమించమంది. ఆవిడని క్షమించే స్థితిలో ఉన్నట్టు కనిపించానేమో.

బావమరిదిని జీపులో ఎక్కమంది. అతను ఎక్కబోతూ వెనక్కి తిరిగి నా దగ్గరికి వచ్చాడు. ఏదో అనబోయాడు. "ఫో" అన్నాను. అక్క దగ్గరికి వెళ్లాడు. ఆమె అలవాటు కొద్దీ అన్నం డబ్బా అతని చేతిలో పెట్టింది, పొద్దుట్నుంచి ఏం తినలేదని. నాకోసం తెచ్చిన అన్నం. అతను పట్టుకుని ఎక్కాడు. అతని మోటారు సైకిలు గట్టు మీదే ఉండిపోయింది.

జీపు దుమ్ము అణిగాక షావుకారు నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నా కడుపు తరుక్కుపోతోందన్నా. ఇలాంటి రోజు పగవాడికి కూడా రాకూడదు."

"గడువు ఇస్తావా?"

"నేనివ్వనా! నాదైతే ఇచ్చేవాణ్నే. నా వెనక ఇచ్చినవాళ్లున్నారు కదా. క్షేత్రం కట్టకపోతే ఏమిటన్నది మనం ముందే అనుకున్నాం, నువ్వు మాట తప్పే మనిషివి కాదు." అని బక్కపల్చని మనిషి వైపు తిరిగాడు. "ఎలాగూ వచ్చాం కదా, ఆ హద్దులొకసారి చూసేద్దామా? మళ్లీ అన్నని ఇంకో రోజు ఇబ్బంది పెట్టడం దేనికి?"

ఆ మనిషి సంచిలోంచి కొలత టేపు తీశాడు. దారిలో కలిసినవాడి సంచిలో పొలం కొలిచే టేపు ఉంది. ఆ టేపుకి రెండో కొస పట్టుకోవడానికి మనిషి కావాలి. షావుకారు చొక్కా తెల్లగా ఉంది, చేలోకి దిగడు. కొలతలాయన అటూ ఇటూ చూసి, నా వైపు కొస చాచాడు.

"కాస్త పట్టుకుంటారా?"

పట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నానని మీరు అడగొచ్చు. ఎవరైనా ఏదైనా అందిస్తే చెయ్యి దానంతటదే ముందుకి వెళ్తుంది. ఆయన "బిగించండి" అంటే బిగించాను. "ఇంకొంచెం వదలండి" అంటే వదిలాను. ఎండిపోయిన మొక్కల మధ్య నుంచి, నేను వేసిన సాళ్లకి అడ్డం పడి, ఉత్తరం గట్టు నుంచి దక్షిణం గట్టు దాకా నడిచాం. ఒకచోట ఆయన హద్దు రాయి తప్పు చూస్తే నేనే "అది కాదండీ, ఇదీ" అని చూపించాను. షావుకారు గట్టు మీద గొడుగు కింద నిలబడి "నిదానంగా అన్నా, ముళ్లుంటాయి" అంటున్నాడు.

కాలవ వైపు హద్దు ఒక్కటి మిగిలింది. టేపు సాగదీసుకుంటూ వెళ్లిన కొలతలాయన ఆగిపోయాడు. మూల రాయి మీద మా ఆవిడ నిలబడి ఉంది. పైటచెంగు నడుముకి దోపుకుంది. ఏడుపు ఆగిపోయింది.

"అమ్మా, కొంచెం పక్కకి జరగండి."

"జరగను."

"చెల్లెమ్మా, కొలత తప్పిపోతుంది" అన్నాడు షావుకారు దూరం నుంచి.

"తప్పనీ. నేను చేసినదానికి నన్ను తీసుకెళ్లండి. ఈ రాయి మీంచి మాత్రం దిగను."

"అన్నా, నువ్వైనా చెప్పు."

రెండో కొస పట్టుకుని నేను ఇవతలి మూల నిలబడి ఉన్నాను. దిగమంటే పొలం ఇచ్చినట్టు. దిగొద్దంటే మాట తప్పినట్టు. టేపు కొస మాత్రం వదల్లేదు. ఆమె నా వైపే చూస్తోంది, ఈ ఒక్కసారైనా ఏదో ఒకటి అంటానని.

కొలతలాయన ఇంకాసేపు చూశాడు. తర్వాత వంగి, ఆమె పాదాల చుట్టూ టేపు తిప్పి, రాయికి ఆనించి, అంకె చదివాడు. సంచి మీద కాగితం పెట్టి లెక్క కట్టాడు. షావుకారుకి వినపడేలా గట్టిగా చెప్పాడు. ఆమె నిలబడ్డ చోటుతో కలిపి మూడుంపావు ఎకరాలు.